రాతికొండ ద్రాక్షసారా, పెద్దమ్మ అరచెయ్యి

దోహాలో అల్ హిలాల్ అనే పేటలో మా అక్క ఫ్లాట్‌లో భోజనాల బల్ల చాలా చిన్నది. ముగ్గురం కూర్చుంటే ఒకరి మోచెయ్యి ఇంకొకరి పప్పులో పడుతుంది. అంత దగ్గరలో కూర్చుని కూడా మా పెద్దమ్మ నాతో మాట్లాడటానికి మధ్యలో రాయబారిని పెట్టుకుంది. "అమ్ములూ, ఆ అబ్బాయికి పప్పు కావాల్నేమో కనుక్కో" అంటుంది, చూపు గిన్నె మీది నుంచి తియ్యకుండా. అక్క నా వైపు తిరిగి "పప్పు కావాలారా?" అని అడుగుతుంది. "చాలక్కా" అంటాను. "చాలంటమ్మా" అని అక్క నివేదిక సమర్పిస్తుంది. ఇదే దోహాలో ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో వచ్చి శాంతిచర్చలు జరుపుకుంటారని పేపర్లో చదువుతుంటాను. వాళ్ళకు కనీసం కాఫీ అయినా ఇస్తారు.

పెద్దమ్మ వచ్చింది నా కోసం కాదు, బాలింత అయిన కూతురి కోసం, అంటే మా అక్క కోసం. మార్కాపురం నుంచి తెచ్చుకున్న సూట్‌కేసులో సగం శొంఠి, వాము, కారప్పొడులు. మిగతా సగం నా మీద కోపం. ఆ కోపానికి కారణం ఒక ఫొటో. నేను పనిచేసే హోటల్లో వైన్ శిక్షణ ఇచ్చిన రోజు ఎవరో తీశారు. గ్లాసులో నా ముక్కు ఉంది, గ్లాసు నా చేతిలో ఉంది, నా ముఖంలో నాకు జన్మలో ఎప్పుడూ లేని గాంభీర్యం ఉంది. ఆ ఫొటో మా ఊరి చర్చి వాట్సాప్ గ్రూపులోకి ఎలా వెళ్ళిందో దేవుడికి తెలియాలి, గ్రూపు ఆయన పేరు మీదే ఉంది కాబట్టి. అంతవరకూ నేను హోటల్లో జ్యూసుల దగ్గర ఉన్నానని పెద్దమ్మ నమ్మకం. ద్రాక్షపండు రసమే కదా, కొంచెం వయసు మళ్ళింది అంతే అని ఫోన్లో వాదించాను. ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నుంచి నేను 'ఆ అబ్బాయి'ని. కొంచెం కోపం ఎక్కువైన రోజుల్లో 'ఆ సారా అబ్బాయి'ని. శుక్రవారం ఆమె తిరుగు ప్రయాణం. ఆలోగా ఆమె నోటి నుంచి నేరుగా ఒక్క 'ఒరేయ్' అనిపించుకోవాలి. లేకపోతే ఆమె విమానం ఎక్కాక, 'ఆ అబ్బాయి' అన్న పేరు శాశ్వతంగా నా నెత్తిన ఉండిపోతుంది.

నవ్వులాటగా రాస్తున్నాను గానీ, ఆమె కోపానికి కారణం ఉంది. మా పెద్దనాన్న పలకరాతి గనిలో రాయి కొట్టేవాడు. చీకటి పడేసరికి తల నుంచి కాలిగోరు దాకా బూడిద రంగులో, ఎవరో ఆయన బొమ్మను బలపంతో గీసి వదిలేసినట్టు ఇంటికి వచ్చేవాడు. వచ్చే దారిలోనే సారా దుకాణం. "రొమ్ములో రాతిదుమ్ము దిగాలంటే ఒక చుక్క పడాల" అని గనిలో అందరూ అనేవాళ్ళట. దుమ్ము దిగలేదు. పెద్దమ్మ చెవుల దిద్దులు దిగాయి, వంటింటి కప్పు మీది రేకులు దిగాయి, చివరికి ఆయన్నే దించాల్సి వచ్చింది. రాయి సగం, సారా సగం అని పెద్దమ్మ లెక్క. దేనిది ఎంత వాటా అని డాక్టరు కూడా తేల్చలేదు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో నేను వాళ్ళింట్లో పెరిగాను. మా నాన్నకు రైల్వేలో బదిలీలు. ప్రతి బదిలీకీ నా బడి మారడం ఎందుకని నన్ను పెద్దమ్మ దగ్గర వదిలిపెట్టారు. అప్పటికామె పలకల షెడ్డులో పనికి కుదిరింది. గని నుంచి వచ్చిన రాతిని మగవాళ్ళు ఉలితో పొరలు పొరలుగా చీల్చేవాళ్ళు. నునుపు చేసిన పలకల్లోంచి మంచివి ఏరి, చెక్క చట్రం బిగించడం ఆడవాళ్ళ పని. పెద్దమ్మ ఏరే పద్ధతి ఎవరికీ లేదు. ముందు మెటికతో కొట్టేది. 'ఠంగ్' అంటే మంచిది, 'బద్' అంటే లోపల పగులు. తర్వాత నాలుక కొన పలకకు తాకించేది. నాలుక అంటుకుంటే ఆ రాయి నీళ్ళు తాగే రకం, దాని మీద రాసింది సరిగ్గా చెరగదు. అంటుకోకుండా జారిపోతే మంచి రాయి. రోజంతా రాళ్ళు నాకి, ఇంటికొచ్చి మా అందరికీ శుభ్రత గురించి చెప్పేది.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. ముక్కుతో బతికే ఉద్యోగం వస్తుందని తెలిసి ఉంటే ఇంకొన్ని జాగ్రత్తగా దాచుకునేవాణ్ణి. పంపు కింద పెద్దమ్మ చేతులు కడుక్కుంటుంటే తడి రాతిదుమ్ము వాసన. కిరసనాయిలు పొయ్యి. ఆ పొయ్యి మీద ఉడికిన కందిపప్పుకు కూడా కొంచెం కిరసనాయిలు రుచి ఉండేది, మేము దాన్ని తాళింపులో భాగం అనుకునేవాళ్ళం. రాత్రి ప్రార్థనకు ముందు నేనూ అక్కా వాకిట్లో కూర్చుని పలకలకు బొగ్గు పూసి, దొండాకుతో రుద్ది నల్లగా నిగనిగలాడించేవాళ్ళం. తర్వాత ఎక్కాలు. ఎక్కాల మధ్యలో బలపం. బలపం రాయడానికని ప్రభుత్వం అనుకుంటుంది గానీ, తిన్నవాళ్ళకు దాని అసలు ఉపయోగం తెలుసు. చల్లగా, మెత్తగా పంటి కింద కరకరమంటుంది. నా దవడ కదలడం పెద్దమ్మకు వీపుతో కూడా కనిపించేది. గబుక్కున వచ్చి నా గడ్డం కింద అరచెయ్యి పట్టేది. "ఉమ్మెయ్." ఇంకో మాట ఉండదు. కొట్టడం లేదు, తిట్టడం లేదు. ఆ చెయ్యి అక్కడే ఉండేది, నేను ఉమ్మేదాకా. ఆ ఇంట్లో ఒక మనిషి రాతిదుమ్ము మింగి పోయాడని, ఆ చెయ్యి అందుకే అంత పట్టుదలగా ఉండేదని అప్పుడు నాకేం తెలుసు? ఆమె పిసినారితనం అనుకున్నాను. అలా అనుకోవడానికీ ఆధారం ఉంది. ఉమ్మిన ముక్కను పంపు కింద కడిగి మళ్ళీ నాకే ఇచ్చేది. "ఇంకా రాయాల్సింది ఉందిగా" అని.

ఇప్పుడు దోహాకి రండి. నేను చేరిన హోటల్లో చీజ్ ముక్కల్ని పలక మీద పెట్టి వడ్డిస్తారు. చట్రం లేని, నల్లటి, నికార్సయిన పలక. మొదటి రోజు చూసి, ఏ పిల్లవాడి సంచిలోంచో లాక్కొచ్చారనుకున్నాను. ఒకసారి కింద పడ్డ పలకకు నా కాలు తగిలితే అలవాటు కొద్దీ తాకి కళ్ళకద్దుకున్నాను. పక్క టేబుల్ అతిథి, చీజ్‌కు మొక్కే మతం ఏదైనా ఉందా అన్నట్టు నన్ను చూశాడు. కొన్నాళ్ళకు నన్ను వైన్ శిక్షణలో వేశారు. నేర్పేది నీనా మేడమ్. ఆమెది జార్జియా దేశం. వాళ్ళ ఊళ్ళో ఇంటి వెనక పెద్ద మట్టికుండలు భూమిలో పాతి వైన్ చేస్తారట. మా బ్యాచ్‌లో వాసనలు పట్టడంలో నాది వెనక బెంచీ, ఉమ్మడంలో మాత్రం ముందు బెంచీ. రుచి చూసి బకెట్లో ఉమ్మెయ్యాలి, మింగకూడదు. మిగతావాళ్ళు చొక్కాల మీద పోసుకుంటుంటే నాది తిన్నగా, చప్పుడు లేకుండా బకెట్ మధ్యలో పడేది. "ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది నీనా మేడమ్. "ఎలిమెంటరీ స్కూల్లో" అన్నాను.

ఒక మధ్యాహ్నం రీస్లింగ్ అనే తెల్ల వైన్ పోసింది. జర్మనీలో మోజెల్ అనే నది ఒడ్డున, మేకలు కూడా ఆలోచించి ఎక్కేంత నిటారు కొండల మీద పండే ద్రాక్ష అది. ఆ కొండల నేల మట్టి కాదు, ముక్కలు ముక్కలుగా విరిగిన పలకరాయి. తెర మీద ఫొటో చూపించింది. మా షెడ్డు వెనక పారబోసిన రాతి చెక్కల గుట్టే, కాకపోతే దాని మీద తీగలు. ఏం తెలుస్తోందో చెప్పమంది. నేపాల్ అబ్బాయి తడిసిన పలకరాయి అన్నాడు. కెన్యా అమ్మాయి వాన పడ్డ రాయి అంది. ఫొటో చూశాక ఎవరికైనా ఇంకేం తెలుస్తుంది? నా వంతు వచ్చింది. నాకు నిమ్మకాయ తెలిసింది, పచ్చి యాపిల్ తెలిసింది, అడుగున మా కిరసనాయిలు పొయ్యి కూడా తెలిసింది. పలకరాయి మాత్రం తెలియలేదు. అది తెలియాల్సినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. ఎక్కడో పొరపాటు జరిగిందని, ముందున్న చీజ్ పలకను ఎత్తి ఒకసారి నాకాను, మళ్ళీ వైన్ రుచి చూసి ఉమ్మి, "ఇది అందులో లేదు మేడమ్" అన్నాను. పలక మీద చీజ్ ఇంకా అలాగే ఉంది.

ఉద్యోగం పోయిందనుకున్నాను. నీనా మేడమ్ నవ్వలేదు. "రాయికి రుచి ఉందా?" అంది.

"లేదు మేడమ్. కొంచెం చీజ్ రుచి ఉంది."

"మరి లేని రుచి వైన్‌లోకి ఎలా వస్తుంది?"

"స్లేట్ అని మీరే అన్నారు కదా మేడమ్."

"కొండ పేరు చెప్పాను. కొండను గ్లాసులో వెతకమనలేదు. రాయి గ్లాసులోకి రాదు, రాయి చేసిన పని వస్తుంది." అప్పుడు బోర్డు మీద ఏటవాలు గీత గీసి చెప్పింది. అది చలి దేశం, ఎండ ఎప్పుడూ ఏటవాలుగా, మొక్కుబడిగా పడుతుంది. కొండ నిటారుగా ఉంటే ఆ ఎండకు ఎదురుగా నిలబడ్డట్టు. రాయి నలుపు కాబట్టి పగలంతా వేడి పట్టి, రాత్రి తీగకు ఇస్తుంది. వాన నీళ్ళను నిలవనివ్వదు. పైన తినడానికేమీ దొరకక వేరు పగుళ్ళలోంచి లోపలికి దూరి పోతుంది. కాయ నిదానంగా పండుతుంది, తీపి వచ్చినా పులుపు పోదు. పాతబడితే కొంచెం పెట్రోల్ వాసన కూడా వస్తుంది, అది నాసిరకం కాదు, గొప్ప. నా కిరసనాయిలు పొయ్యికి ఆ రోజు న్యాయం జరిగింది. ఖతర్‌లో కూర్చుని పెట్రోల్ వాసన కోసం జర్మనీ నుంచి సీసా తెప్పించుకునే మనుషులు ఉంటారని మాత్రం మా ఊళ్ళో చెబితే నమ్మరు.

వేడి పట్టి ఇవ్వడం అన్న ముక్క నాకు క్లాసులో అర్థం కాలేదు, దోహా నడిమధ్య ఉన్న ముషైరిబ్‌లో అర్థమైంది. అక్కడి భవనాలకు రాతిపలకలు బిగించిన రాజలింగం అన్న సొంతూరు జగిత్యాల వైపు. సెలవు రోజున ఇద్దరం అక్కడ కలుసుకుంటాం. తను బిగించిన గోడల్ని కూతుళ్ళను అత్తారింట్లో చూడ్డానికి వచ్చిన తండ్రిలా తిరిగి తిరిగి చూసుకుంటాడు. పొద్దు గూకాక రాతి అరుగు మీద కూర్చోబోయాను.

"గిప్పుడే కూసోకు తమ్మీ, ముడ్డి గాలుతది" అన్నాడు. అప్పటికే కాలింది. "రాయంటె గట్లనే. పొద్దంత మింగుతది, పొద్దుగూకినంక కక్కుతది."

జర్మనీ కొండల్లో ఇదే పని ద్రాక్షకు చేస్తుందని చెప్పాను. వేళ్ళతో అరుగును తట్టి అడిగాడు. "అంటె గా పండ్లకు రాత్రి గూడ డ్యూటీయేనా? మరి ఓటీ పైసలు ఇస్తరా?" నాకు తెలిసి రీస్లింగ్ గురించి ఇంత సూటి ప్రశ్న ఇంకెవరూ వెయ్యలేదు.

పెద్దమ్మకు ఇదంతా చెప్పాలని ఉండేది. ఎలా చెప్పను? అక్క ద్వారా పప్పు సంగతి చెప్పడమే కష్టంగా ఉంది. పైగా ఈ దేశంలో వైన్ హోటల్ గుమ్మం దాటి బయటికి రాదు, వచ్చినా పెద్దమ్మ ముందు పెట్టేంత ధైర్యం నాకు లేదు. బయటికి రాగలిగింది పలక ఒక్కటే. అంచు విరిగినవాటిని పారేస్తారు. అందులో ఒకటి సూపర్‌వైజర్‌ని అడిగి తీసుకుని, అల్ వుకైర్‌లోని మా స్టాఫ్ క్వార్టర్స్‌లో కడిగి, సంచిలో వేసుకుని గురువారం అల్ హిలాల్ వెళ్ళాను. ఏమీ అనకుండా దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి, దాని మీద వేడి పప్పుగిన్నె పెట్టాను. చేపకు ఎర వేసినవాడు కూడా నా అంత అమాయకంగా కూర్చోడు.

పెద్దమ్మ చూసింది. చూడనట్టు అన్నం కలుపుకుంది. మళ్ళీ చూసింది. "అమ్ములూ, పలక మీద ఎంగిలి గిన్నె పెట్టిందెవరో కనుక్కో."

"వాడేనమ్మా."

గిన్నె ఎత్తి పక్కన పెట్టింది. కొంగుతో పలక తుడిచింది. ఇక ఆగలేకపోయింది. మెటికతో కొట్టింది, ఠంగ్. వెలుతురుకు ఎత్తి చూసింది. నాలుక కొన తాకించింది. నాలుక అంటుకోలేదు. "రాయి మంచిదే. మన రాయి కాదు. అంచు గూడా నున్నగా తియ్యలా, చెయ్యి తెగదంట్రా? దీని మీదేనా మీ దొరలు తినేది? కంచాల్లేవా వాళ్ళకి?" అని గబగబా అనేసింది. నేనూ అక్కా ముఖాలు చూసుకున్నాం. పెద్దమ్మకు తను చేసిన పొరపాటు తెలిసిపోయింది. "...అని వాణ్ణడగవే" అని చివర తగిలించింది.

సరిగ్గా అప్పుడు లోపల పిల్ల ఏడ్చింది. అక్క లేచి వెళ్ళిపోయింది. రాయబారి లేని రెండు దేశాలు పప్పుగిన్నెకు అటూ ఇటూ మిగిలాం. పెద్దమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా ఉండలేక, పలకతో మాట్లాడింది. "ఎందుకు తెచ్చినట్టో దీన్ని."

నేనూ పలకకే జవాబు చెప్పాను. కొండ, నలుపు, వాలు, వేడి, లోపలికి దూరే వేరు. నాకు తెలిసిందంతా చెప్పాను, హోటల్లో అతిథులకు చెప్పే హావభావాలు లేకుండా.

వింటూ వింటూ ఆమె ముఖం గట్టిపడింది. "మీ పెద్దనాయన్ని తిన్నవి రెండే. రాయి, సారా. ఆ రెండూ కలిపి సీసాలో పోశారన్నమాట."

దీనికి నా దగ్గర హాస్యం లేదు. "రాయి అందులోకి రాదు పెద్దమ్మా. నాకి చూశాను. వేడి ఇస్తుంది, నీళ్ళు నిలవనివ్వదు, తీగను సుఖపడనివ్వదు. తనది మాత్రం ఏమీ కలపదు."

"మంచి రాయి యాడన్నా అంతే" అంది, ఇది తెలియడానికి జర్మనీ దాకా పోవాలా అన్నట్టు. పలక అంచు వేలితో తడిమి, "ఆ వాలు మీదికి ఎక్కేదెవరు?" అంది.

"కూలీలు. చాలామంది వేరే దేశాల నుంచి వచ్చి చేస్తారు. వానలకు రాళ్ళు జారితే మళ్ళీ పైకి చేర్చాలి. ఒకప్పుడు వీపు మీద బుట్టల్లో మోసేవాళ్ళంట."

"మోసేది వాళ్ళు. వాసన చూసేది నువ్వు."

"అవును."

"మింగుతావా?"

ఇన్నాళ్ళూ ఆమె అడగాలనుకున్నది ఇదొక్కటేనని అప్పుడు తెలిసింది. "లేదు పెద్దమ్మా. ఉమ్మేస్తాం."

"అంతా?"

"అంతా. ఉమ్మడంలో మా బ్యాచ్‌లో నేనే ఫస్టు."

"ఉమ్మేదానికి ఇంత దూరం రావాల్నా? మార్కాపురంలో ఉమ్మితే ఎవరన్నా వద్దన్నారా?" అంది. నవ్వలేదు. కానీ నా కంచంలో తనే పప్పు వేసింది, ఎవరినీ కనుక్కోమనకుండా. 'ఒరేయ్' మాత్రం రాలేదు.

ఆ రాత్రి మా క్వార్టర్స్‌కి తిరిగి వెళ్ళే బస్సులో అప్పటినీ ఇప్పటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. అప్పుడు పలక మీద రాసేవాళ్ళం, ఇప్పుడు తింటున్నారు. మా షెడ్డులో పలకలకు గిరాకీ తగ్గిపోయింది, పిల్లలు తెర మీద వేలితో రాస్తున్నారు. ఆ వేలిని నోట్లో పెట్టుకున్నా ఏ రుచీ రాదు పాపం. అప్పుడు రాతిదుమ్ము వాసన వస్తే ముక్కు మూసుకునేవాళ్ళం. ఇప్పుడు 'తడి పలకరాయి' అని రాసి ఉంటే సీసా ఖరీదు పెరుగుతుంది. అప్పటి మనుషులు గొప్పవాళ్ళు, ఇప్పటి మనుషులు కారు అని తేల్చి బరువుగా నిట్టూర్చాలని ప్రయత్నించాను. కుదరలేదు. అప్పటి మనుషుల్లో ఒకామె పప్పు విషయంలో కూడా రాయబారిని పెట్టుకుంటుంది.

శుక్రవారం హోటల్ యూనిఫారంలోనే, డ్యూటీకి వెళ్ళే దారిలో, ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. సూట్‌కేసు ఎత్తబోతే ఎత్తలేకపోయాను. వచ్చేటప్పుడు శొంఠి, ఇప్పుడు పలక. "పాత చట్రం ఒకటి ఇంట్లో ఉండాది. బిగిస్తే పాపకు పనికొస్తది" అంది పెద్దమ్మ, అక్కతో. మార్కాపురానికి బయటి దేశం నుంచి పలక మోసుకెళ్ళిన మొదటి మనిషి మా పెద్దమ్మే అయ్యుంటుంది.

లోపలికి వెళ్ళే గుమ్మం దగ్గర అక్కను కౌగిలించుకుంది, పిల్లను ముద్దాడింది. నా ముందుకు వచ్చి నిలబడింది. ఏమంటుందోనని నేను చూయింగ్ గమ్ గబగబా నములుతున్నాను. ఆమె కళ్ళు నా దవడ మీద ఆగాయి. కోటు వేసుకుని, మెడకు నల్ల టై కట్టుకుని నేను నిలబడి ఉంటే, అటూ ఇటూ ప్రపంచ దేశాల ప్రయాణికులు నడుస్తుండగా, నా గడ్డం కిందికి ఒక అరచెయ్యి వచ్చింది. పాతదే, ఇంకొంచెం ముడతలు పడింది.

"ఒరేయ్. ఏం నముల్తన్నావు? ఉమ్మెయ్."

ఉమ్మేశాను. హోటల్లో నా ముందు రోజూ మెరిసే స్టీలు బకెట్ పెడతారు, దాంట్లోకి కూడా ఎప్పుడూ అంత వినయంగా ఉమ్మలేదు. ఆమె దాన్ని కాగితంలో చుట్టి, గుప్పిట్లోనే పట్టుకుని లోపలికి నడిచింది. దారిలో కుళాయి కనిపిస్తే కడిగి తిరిగి తెచ్చి ఇస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడి చూశాను. ఇవ్వలేదు.